కమలకుమారికి ఏం కావాలి

కమలకుమారికి ఏం కావాలో సాలమ్మకు తోచలేదు.

పేరు పెట్టడం సులువుగానే అయింది. ఎప్పుడో ఒక పెళ్ళిపత్రికలో చదివి, ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకున్న పేరు అది. వెనక్కి తిప్పిన మందుల అట్ట మీద, పెట్టెలకు నంబర్లు రాసే లావుపాటి పెన్నుతో, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది. బస్సుల బోర్డులు చూసి, పొట్లాల కాగితాలు చూసి తనంతట తాను నేర్చుకున్న అక్షరాలు. అవి ఎప్పుడూ కాస్త కుడివైపుకు ఒరుగుతాయి. పేరు కింద హరిత గీసిచ్చిన గీత మాత్రం ఖాళీగా ఉంది. ఆ మనిషికి ఏం కావాలో ఆ గీత మీద రాయాలి.

"తొందరేం లేదు సాలమ్మగారూ," అంది హరిత. "కానీ అది రాయకుండా ఆట మొదలుకాదు. ఏం కావాలో తెలియని మనిషి ఎటు నడుస్తుంది?"

నాచారంలో మాత్రలు ప్యాకింగ్ చేసే షెడ్డు వెనక, స్టోరు షట్టరు నీడలో, పాత అట్టపెట్టెలు పరుచుకుని నలుగురు కూర్చున్నారు. అరగంట లంచ్‌లో పది నిమిషాలు తిండికి, ఇరవై నిమిషాలు ఆటకు. హరిత లైన్ చివర కాటా దగ్గర కూర్చుని పెట్టెల బరువు సరిచూసే పిల్ల. వాళ్ళది తెనాలి, ఇల్లు ఉప్పల్లో. ఆదివారాలు స్నేహితులతో ఆడే ఆటను సోమవారం ఇక్కడికి మోసుకొచ్చింది. ఒకరు కథ చెబుతుంటారు, మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషై నడుస్తారు. ఆ మనిషిని ముందు ఎవరికి వారే తయారుచేసుకోవాలి.

మనిషికి పది చింతగింజలు. బలం, తెలివి, మాట, ఓర్పు అని అట్ట మీద నాలుగు గళ్ళు. పది గింజలనూ ఆ గళ్ళలో పంచుకోవాలి. ఏదైనా పని చేయబోయినప్పుడు, మల్లవ్వ బండకేసి ఒకవైపు అరగదీసి తెచ్చిన ఐదు గింజలు వెయ్యాలి. తెల్లగా పడ్డవి ఎన్నో, ఆ పనికి కావలసిన గుణంలో ఎన్ని గింజలున్నాయో కలిపితే, హరిత చెప్పిన అంకె దాటాలి. దాటితే పని అయినట్టు.

"నాదైతే రాసిన," అంది స్వర్ణలత. ఐదో నెల కడుపు. ఎత్తుపీట లేక గోడకు చేరగిలబడి కూర్చుంది. "విల్లు పట్టుకున్న రాణి. రాజ్యం మొత్తం నాదే కావాలె."

"నాలుగు లంచుల్ల రాజ్యం ఎట్లొస్తదే?" అంది మల్లవ్వ. సీలింగ్ మిషన్ మీద పనిచేసి చేసి ఆమె వేళ్ళ చివర్లు గాజులా నున్నగా అయ్యాయి. "నాది దొంగ. దానికి ఒక్కటే కోరిక. మా అత్త నోరు పడిపోవాలె."

"మీ అత్తగారు ఈ కథలో లేరండీ."

"ఏ కథల లేదమ్మా ఆమె?"

హరిత నవ్వు ఆపుకుని మూడు వేళ్ళు చూపించింది. కోరిక పెట్టేటప్పుడు మూడు చూసుకోవాలి. ఆ మనిషి తన చేతులతో చేయగలిగేదై ఉండాలి. మనం ఆడే ఈ నాలుగైదు రోజుల్లో అయ్యేదై ఉండాలి. అయిందో లేదో కంటికి కనబడాలి. "మంచిరోజులు రావాలి, అందరూ బాగుండాలి అని రాస్తారు మా ఫ్రెండ్స్ కూడా. మూడు ఆదివారాలు ఎటూ కదలరు."

సాలమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. చివరికి గీత మీద వంగి రాసింది. రాసింది హరిత పైకి చదివింది. 'పోయినోళ్ళందరు తిరిగి రావాలె.'

"ఎవరు పెద్దమ్మా?" అంది స్వర్ణలత.

"ఒకళ్ళా, ఇద్దరా?"

ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగితే, ఆ బస్సు మెట్రో స్తంభాల వెనక కనుమరుగయ్యేదాకా నిలబడి చూసే మనిషి సాలమ్మ. పొద్దున షెడ్డులోకి రాగానే పనివాళ్ళ తలల మీది నీలం టోపీలు లెక్కపెడుతుంది. ఇరవై నాలుగు ఉంటే ఊపిరి పీల్చుకుంటుంది. ఒకటి తగ్గితే ఆ రోజంతా తలుపు వైపు చూస్తూనే ఉంటుంది. పని మానేసేవాళ్ళు చెప్పి మానేయరు. రేపు రారు, అంతే.

"ఇది కమలకుమారి చేతుల్లో లేదు కదండీ," అంది హరిత మెల్లగా.

"ఎవరి చేతుల్ల ఉన్నది బిడ్డా? సరే, ఇయ్యాల్టికి గట్లనే ఉండనీ." గింజలు పంచమంటే పదికి పదీ ఓర్పు గడిలో పోసింది.

హరిత కథ ఎత్తుకుంది. కోట గుమ్మం. కాపలావాడు. లోపలికి పోవాలంటే వాణ్ణి ముద్ర అడిగి తీసుకోవాలి. కమలకుమారి ఏం చేస్తుంది?

"నిలబడ్తది."

"ఎంతసేపు?"

"పిలిచేదాక."

"వాడు పిలవడు."

"అయినా నిలబడ్తది."

గింజలు వేసింది. నాలుగు తెలుపు. పదీ నాలుగూ పద్నాలుగు. ఆ రోజు ఎవరికీ అంత పడలేదు. హరిత తల వంచుకుని చెప్పింది. "కమలకుమారి సాయంత్రం దాకా నిలబడింది. కాళ్ళు కూడా నొప్పి పుట్టలేదు."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏం లేదండీ. చీకటి పడింది."

మల్లవ్వ పగలబడి నవ్వింది. సైరన్ మోగింది. సాలమ్మ నవ్వకుండా అట్టను నాలుగుగా మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

షెడ్డులో సాలమ్మ పని మడతపెట్టడం. ఒక్కో మందుపెట్టెలో పెట్టే కాగితాన్ని అడ్డంగా మూడు, నిలువుగా రెండు మడతలు వేసి, బొటనవేలి గోరుతో గీరి, పక్కనున్న స్వర్ణలతకు జరపాలి. స్వర్ణలత రెండు స్ట్రిప్పులు, ఒక కాగితం పెట్టెలో దూర్చి మూత నొక్కుతుంది. మడత వదులైతే మూత పడదు. స్టూలు మీద కూర్చుని చేసే పని అది. నిలబడలేని వయసు వచ్చిందని ఏడాది కిందట సూపర్‌వైజర్ దయాకర్ తానే ఇచ్చాడు. "పెద్దవ్వా, నువ్వు మన దిక్కు మనిషివి," అని కూడా అన్నాడు.

ఆ దయాకర్ బల్ల షెడ్డు నడుమ, ఫ్యాను కింద ఉంటుంది. బల్ల మీద చెక్క ఉంటుంది. అరచేయంత చెక్కముక్క, ఎర్రరంగు, పురికొస తాడు. బాత్రూముకు పోవాలంటే బల్ల దగ్గరికి వచ్చి అడిగి, ఆ చెక్క మెడలో వేసుకుని ఆవరణ దాటి పోవాలి. ఇరవై నాలుగు మందికి ఒకటే చెక్క. అది తిరిగి బల్ల మీదికి వచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు. వచ్చినప్పుడు దయాకర్ గోడగడియారం చూసి, మిషన్ల మోత మీద వినబడేటట్టు చెబుతాడు. "సాలమ్మ, తొమ్మిది నిమిషాలు." లైన్ మొత్తం వింటుంది. అందుకే సాలమ్మ పొద్దున ఐదున్నరకు అన్నోజిగూడలో ఇంట్లో తాగిన సగం గ్లాసు చాయ్ తప్ప మళ్ళీ సాయంత్రం దాకా గొంతు తడుపుకోదు. తెచ్చుకున్న నీళ్ళసీసా నిండుగానే ఇంటికి తిరిగిపోతుంది.

* * *

మంగళవారం పదకొండు గంటలప్పుడు స్వర్ణలత మొదటిసారి లేచింది.

"చెక్క బయటికి పోయింది," అన్నాడు దయాకర్. "రానీ."

వచ్చి కూర్చుంది. నాలుగు పెట్టెలు నింపింది. మళ్ళీ లేచింది. "సారు, జెర..."

"రానీ అంటున్న కద. నీకొక్కదానికేనా కడుపు? మా అమ్మ నన్ను మోసుకుంటనే నాట్లేసింది."

ఎవరో కిసుక్కున నవ్వారు, భయంతో నవ్వే నవ్వు. స్వర్ణలత వచ్చి కూర్చోలేదు. తన జాగాలో నిలబడి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. సాలమ్మ కాగితం మడిచి జరిపింది. ఇంకొకటి మడిచి జరిపింది. అవి పేరుకుంటున్నాయి, ఎవరూ అందుకోవడం లేదు. తల ఎత్తితే ఏం చూడాల్సి వస్తుందోనని తల ఎత్తకుండా ఇంకా గబగబా మడిచింది. మూడోసారి స్వర్ణలత "సారూ" అన్న మాట సగంలోనే ఆగిపోయింది. నేల మీద నీళ్ళ చప్పుడు.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు, మిషన్లు తప్ప. స్వర్ణలత టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ముందు కట్టుకున్న ఏప్రన్ విప్పి వెనక్కి తిప్పి కట్టుకుంది. ఎవరి ముఖమూ చూడకుండా నడిచి తలుపు దాటిపోయింది. అదే తలుపులోంచి చెక్క మెడలో వేసుకున్న పిల్ల లోపలికి వచ్చింది. ఏం జరిగిందో తెలియక దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆరు నిమిషాలు," అన్నాడు దయాకర్, అలవాటుగా. గొంతు మాత్రం తగ్గింది.

నేల తుడవమని ఎవరూ చెప్పలేదు. సాలమ్మే స్టూలు దిగి, గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది.

ఆ లంచ్‌లో ఆట లేదు. కొక్కేనికి స్వర్ణలత టిఫిన్ డబ్బా వేలాడుతూనే ఉంది.

సాయంత్రం ఆ డబ్బా పట్టుకుని సాలమ్మ మల్లాపూర్ పోయింది. లేత్ మిషన్ల దుకాణాల వెనక వరుసగా రేకుల గదులు. స్వర్ణలత తల స్నానం చేసి, గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. డబ్బా అందుకుంది. "కూసో పెద్దమ్మా," అంది.

"రేపు రా బిడ్డా. నేను మాట్లాడ్త వానితోని."

"నువ్వా?" స్వర్ణలత చిన్నగా నవ్వింది. అందులో వెటకారం లేదు. "పక్కన్నే ఉంటివి గద పెద్దమ్మా."

చాటలో బియ్యం అటూ ఇటూ జరిగాయి. సాలమ్మ చాటలోంచి ఒక రాయి ఏరి బయట పడేసింది. ఇంకొకటి ఏరింది. ఇద్దరూ కలిసి చాట మొత్తం ఏరారు.

"నేనైతే రాను. మా ఇంటాయన మొగులయ్య వాళ్ళ మేస్త్రికి చెప్పిండు, కాన్పు అయినంక ఈడనే ఏదన్న చూస్తడంట." లోపలికి పోయి మడిచిన అట్ట ఒకటి తెచ్చింది. విల్లు పట్టుకున్న రాణి. "ఇది ఆటల పెట్టుండ్రి. రాణి గింజలు కమలకుమారికి ఇస్తున్న. రాజ్యం గీజ్యం ఒద్దు."

పోయేవాళ్ళు పోతున్నామని ముఖం చూసి చెప్పడం సాలమ్మకు ఎరుకలేదు. ఎలా లేవాలో తెలియక చాలాసేపు కూర్చుంది. లేచాక స్వర్ణలత తల మీద చెయ్యి పెట్టి, షేర్ ఆటో దాకా నడిచింది. ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది, మొదటిసారి ఒకరిని విడిచి వస్తూ వెనక్కి తిరిగి చూడలేదని.

* * *

బుధవారం లంచ్‌కు డబ్బా విప్పకుండానే కమలకుమారి అట్ట విప్పింది.

"దీన్ని మళ్ళ జెయ్యాలె," అంది.

"ఏందక్కా, ఇంక ఆటనా?" అంది మల్లవ్వ. "నాకైతే ముద్ద దిగుతలేదు. టీవీల తెల్లందాక అదే లొల్లి. ఢిల్లీల కూసున్నోళ్ళు రాష్ట్రమన్న ఇస్తమంటున్నరు గని, దయాకరన్న ఒక చెక్క ఇయ్యడు."

హరిత తల వంచుకుంది. ఆ మాటలు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఎటో చూస్తుంది. సాలమ్మకు అది కనబడింది. నాలుగు రోజులుగా అడగాలని, అడిగితే ఏమంటుందోనని గుండెలో పెట్టుకున్న మాట బయటికి వచ్చేసింది. "రాష్ట్రం రెండైతే మీరు పోతరా బిడ్డా?"

"మా ఇల్లు ఉప్పల్లో సాలమ్మగారూ. ఉప్పల్ ఎక్కడికీ పోదుగా."

"అట్లయితే సరే. పెన్ను తియ్యి."

ఉన్న కోరికను అడ్డంగా కొట్టేసింది. మల్లవ్వ అందుకుంది. "రాయి. వాని నౌకరి ఊడాలె."

"అది కమలకుమారి చేతుల లేదు," అంది సాలమ్మ.

"చెక్కనే కాలవెట్టాలె."

"ఇంకోటి జేపిస్తడు. మరింత పెద్దది."

"స్వర్ణలత తిరిగి రావాలె."

సాలమ్మ పెన్ను ఆగింది. ఆ కోరిక అందరికంటే తనకే ఎక్కువ. నిన్న రాత్రంతా అదే కదా నెమరువేసింది. "అది స్వర్ణలత చేతుల ఉన్నది," అంది చివరికి. "నేను తెస్తే వచ్చేది కాదు."

కళ్ళు మూసుకుంది. షెడ్డు మొత్తం కళ్ళ ముందుకు తెచ్చుకుంది. తలుపు, తలుపు పక్కన గోడ, గోడకు పోయినేడు క్యాలెండర్ తగిలించిన మేకు. క్యాలెండర్ పోయింది, మేకు ఉంది. దయాకర్ బల్ల నుంచి ఆ మేకుకు పన్నెండు అడుగులు ఉంటుందేమో. రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఈసారి కూడా కుడికే ఒరిగాయి. 'చెక్క బల్ల మీద ఉండొద్దు. తలుపు కాడి మేకుకు ఉండాలె.'

"గింతేనా?" అంది మల్లవ్వ.

"గింతే. అడుక్కునుడు ఉండది గద."

హరిత ఆ అట్టను చాలాసేపు చూసింది. "సాలమ్మగారూ, ఇది ఆట. కోటలో ముద్ర అనుకుని ఆడదాం. ఆటలోనే. నాకింకా పర్మనెంట్ కాలేదండీ."

"ఆటనే బిడ్డా. నువ్వు కథ చెప్పు. కాపలాదారు ఏమంటడో చెప్పు."

గింజలు మళ్ళీ పంచింది. ఓర్పులో రెండు ఉంచింది. బలానికి ఒకటి, తెలివికి రెండు. మిగిలిన ఐదూ గుప్పిట్లో పట్టుకుని, ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న మాట గడిలో పోసింది. కాపలావాడి ముందు కమలకుమారి నిలబడింది. ముద్ర గోడకు తగిలిస్తానంది. హరిత పదకొండు దాటాలంది. సాలమ్మ గింజలు వేసింది. రెండు తెలుపు. ఐదూ రెండూ ఏడు.

"కాపలావాడు నవ్వాడు. ముద్ర లాక్కున్నాడు."

"సచ్చిపోయిందా?"

"లేదండీ. ఓడిపోతే చావరు. అక్కడే ఉంటారు. మళ్ళీ చెయ్యొచ్చు."

మళ్ళీ వేసింది. మూడు. ఎనిమిది. కాపలావాడు ఈసారి కసిరాడు. సాలమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. మల్లవ్వ ఊరుకోలేకపోయింది. "నా దొంగ పక్కన్నే ఉన్నది. అది గూడ అదే పని జేస్తె?"

"పక్కన ఉన్నవాళ్ళు చెయ్యి వేస్తే వాళ్ళ గింజలూ కలుస్తాయి," అంది హరిత. "మొన్న చెప్పాల్సింది, మర్చిపోయాను."

"గిది ముందు జెప్పాలె గదనే తల్లీ," అని మల్లవ్వ తన మాట గడిలోంచి నాలుగు గింజలు కమలకుమారి ముందుకు తోసింది. సాలమ్మ జాకెట్టులోంచి రాణి అట్ట తీసి, దాని మాట గడిలోని రెండు గింజలు కూడా కలిపింది. ఐదూ నాలుగూ రెండూ పదకొండు. ఐదు గింజలూ నేల మీద దొర్లాయి. ఒకే ఒక్కటి తెల్లగా పడింది.

పన్నెండు.

"ముద్ర మేకుకు పడింది," అంది హరిత. చుట్టుపక్కల చూసి, గొంతు ఇంకా తగ్గించి అంది, "కాపలావాడు ఊరుకోడు. మళ్ళీ తీస్తాడు."

"మళ్ళ వెడ్తం," అంది సాలమ్మ.

* * *

గురువారం పొద్దున ఇంట్లోనే రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ఏళ్ళ తర్వాత తాగినట్టు కడుపులో చల్లగా, బరువుగా దిగాయి. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకే వాక్యం నెమరువేసింది. షెడ్డులో నీలం టోపీలు ఇరవై మూడు. పక్క జాగా ఖాళీ. మడిచిన కాగితాలు ఆ జాగా దాటించి అవతలి మనిషికి అందించాల్సి వస్తోంది.

తొమ్మిదిన్నరకు బల్ల దగ్గరికి పోయి చెక్క అడిగింది. మెడలో వేసుకుని ఆవరణ దాటింది. తిరిగి వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఆగింది. తాడు తల మీదుగా తీస్తుంటే టోపీకి చిక్కుకుంది. విడదీసుకుని, మునివేళ్ళ మీద లేచి, మేకుకు తగిలించింది. తన స్టూలు దగ్గరికి నడిచింది.

"ఎనిమిది ని..." దయాకర్ గడియారం మీదినుంచి చూపు దించాడు. "పెద్దవ్వా, చెక్క గిటు తే."

సాలమ్మ కాగితం అందుకుంది. నెమరువేసిన వాక్యం బయటికి వచ్చింది. "అది గక్కడ్నే ఉంటది సారు."

"ఏంది?"

"గక్కడ్నే ఉంటది. ఎవలకు అవసరమైతే వాళ్ళు తీసుకపోతరు."

లైన్‌లో చేతులు ఆగాయి. దయాకర్ నవ్వాడు, ఆటలో కాపలావాడి లాగే. లేచి, పన్నెండు అడుగులు నడిచి, చెక్క తీసి, పన్నెండు అడుగులు తిరిగి వచ్చి బల్ల మీద ఠక్కున పెట్టాడు. "ముసలితనానికి మతి పోయినట్టున్నది. పని చెయ్యిండ్రి."

సాలమ్మ మడతపెట్టింది. చచ్చిపోలేదు, అనుకుంది. ఇక్కడే ఉన్నాను.

మల్లవ్వ మిషన్ ఆపి లేచింది. "దయాకరన్నా, చెక్క." ఇచ్చాడు. పోయింది, వచ్చింది. తాడు వేలికి తిప్పుకుంటూ మేకుకు తగిలించి, వెనక్కి చూడకుండా మిషన్ మీద కూర్చుంది. దయాకర్ మళ్ళీ లేచాడు. పదింటికి ఇంకో పిల్ల లేచింది. ఆ పిల్లకు సాలమ్మ ఏమీ చెప్పలేదు, మల్లవ్వా చెప్పలేదు. ఆటలో ఎన్నడూ కూర్చోని పిల్ల. అది కూడా మేకుకే తగిలించింది. మొన్న చెక్క మెడలో వేసుకుని వచ్చి ఏం జరిగిందో తెలియక నిలబడ్డ పిల్ల అయితే తగిలించాక ఒకసారి సర్ది చూసి మరీ కూర్చుంది.

లంచ్ లోపల దయాకర్ తొమ్మిది సార్లు లేచాడు. నిమిషాలు చెప్పడం నాలుగోసారి నుంచి మర్చిపోయాడు. చెక్కను జేబులో పెట్టుకున్నాడు. జేబులో ఉన్నా అడిగినప్పుడు తీసి ఇవ్వాలి కదా. ఇచ్చినదల్లా మేకుకే పోయింది.

సైరన్ మోగాక సాలమ్మ స్టూలు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఎవలు నేర్పిన్రు పెద్దవ్వా నీకు? నీ అంతట నువ్వు చేసే మనిషివి గావు."

కాటా దగ్గర హరిత చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. సాలమ్మ అటు చూడలేదు.

"కమలకుమారి," అంది.

"ఎవలా కమలకుమారి?" బల్ల దగ్గరికి పోయి సొరుగులోంచి హాజరుపట్టీ తీసి వేలితో పైనుంచి కిందికి వెతికాడు. మళ్ళీ పైనుంచి వెతికాడు. "లైన్‌ల ఆ పేరుతోని ఎవలున్నరు?"

"కొత్తగ వచ్చింది సారు," అంది మల్లవ్వ డబ్బా మూత తీస్తూ. "ఇంక నీ పట్టీల ఎక్కలె."

దయాకర్ మెడ ఎర్రబడింది. "మంచిగున్నది. స్టూలు ఎక్కువైనట్టున్నది పెద్దవ్వకు. రేపటి సంది టేపు కాడ నిలబడు. నిలబడి చెయ్యి పని. అప్పుడు ఎరుకైతది."

పెద్ద అట్టపెట్టెలకు టేపు వేసే పని పొద్దంతా నిలబడి చేసేది. తన మోకాళ్ళ సంగతి తనకు తెలుసు. "నిలబడ్త సారు," అంది. "నిలబడుడు నాకు కొత్త గాదు."

మధ్యాహ్నం సీలింగ్ మిషన్‌లో ప్లాస్టిక్ ఇరుక్కుంది. నాలుగింటికి లారీ వస్తుంది. దయాకర్ చొక్కా చేతులు మడిచి, మల్లవ్వ పక్కన వంగి, స్క్రూలు విప్పుతూ అరగంట కూర్చున్నాడు. ఆ అరగంటలో మేకు మీది చెక్క మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒకరు వచ్చాకే ఇంకొకరు పోయారు. నూనె చేతులతో లేచి నిలబడ్డాక దయాకర్ తలుపు వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడి, బల్ల దగ్గరికే పోయి కూర్చున్నాడు.

* * *

శుక్రవారం నీలం టోపీలు ఇరవై నాలుగు.

స్వర్ణలత జాగాలో కొత్తపిల్ల ఉంది. సాలమ్మ స్టూలు మీద ఇంకెవరో కూర్చుని కాగితాలు మడుస్తున్నారు. మడతలు వదులుగా ఉన్నాయి. దయాకర్ తల ఎత్తకుండా టేపు వేసే జాగా చూపించాడు. అందరూ వినేటట్టు అన్నాడు, "ఒకసారి ఒకళ్ళే పోవాలె. లేటు చేస్తె నేను ఊకోను." చెక్క ఎక్కడుండాలో మాత్రం అనలేదు.

టేపు వేసే జాగా తలుపు పక్కనే. నిన్న కోపంలో దయాకర్‌కు ఆ సంగతి తట్టినట్టు లేదు. సాలమ్మ ఎడమచేత్తో పెట్టె రెక్కలు కలిపి నొక్కి, కుడిచేత్తో టేపు లాగి, అరచేత్తో రుద్ది పక్కకు తోసింది. పది పెట్టెలకే పిక్కలు పట్టేశాయి. ఇరవైకి మోకాళ్ళు సలిపాయి. తల ఎత్తితే చాలు, పైన మేకు, మేకుకు ఎర్రచెక్క. గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది. మెడలో వేసుకుని పోవడం కూడా పొద్దుటినుంచి మానేశారు. చేతికి చుట్టుకుని పోతున్నారు.

పదిన్నరకు కొత్తపిల్ల లేచింది. నాలుగడుగులు బల్ల వైపు వేసి, ఆగి, ఎటు పోవాలో తెలియక సాలమ్మ దగ్గరికి వచ్చింది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళుంటాయి. చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది.

"పెద్దమ్మా, బాత్రూముకు పోవాలె. ఎవల్ని అడగాలె?"

సాలమ్మ టేపు తెంపింది. రెక్కల మీద అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దింది.

"ఎవల్నీ అడగద్దు బిడ్డా. గోడకున్నది. తీసుకపో."

ఆ పిల్ల చెక్క అందుకుని పోయింది. సాలమ్మ వంగి కాళ్ళ దగ్గరున్న నీళ్ళసీసా తీసింది. మూత తిప్పింది. దయాకర్ చూస్తున్నాడని తెలుసు. తల పైకెత్తి, సగం సీసా దాకా ఆపకుండా తాగింది.

లంచ్‌లో షట్టరు నీడకు చేరేసరికి కాళ్ళు బిర్రబిగిసిపోయాయి. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. మల్లవ్వ ఒక అట్టపెట్టెను మడిచి ఆమె మోకాళ్ళ కింద పెట్టింది. హరిత కమలకుమారి అట్ట అందుకుని, కోరిక రాసిన గీత పక్కన 'అయింది' అని రాసింది.

"నిన్న మీరు నా పేరు చెబుతారనుకున్నాను," అంది.

"నీ పేరు చెప్తె నువ్వు పోతుంటివి," అంది సాలమ్మ. "పోయినోళ్ళు చాలు."

పెన్ను తీసుకుంది. అట్ట మీద ఇంకా జాగా ఉంది. హరిత గీసిన గీత కింద తానే ఇంకో గీత గీసుకుంది, వంకరగా. దాని మీద రాసింది. 'రెండో చెక్క. టేపు కాడ స్టూలు.'

"రెండు కోరికలు ఒకేసారి పెట్టకూడదండీ," అంది హరిత. "ఒకటి ఎంచుకోండి. ఎన్ని రోజుల్లో?"

సాలమ్మ ఆలోచించింది. 'టేపు కాడ స్టూలు' మీద గీత కొట్టింది. దాన్నే కింద ఒక పక్కన చిన్నగా మళ్ళీ రాసింది. తర్వాతి వంతు దానిది. సీసాలో మిగిలిన నీళ్ళు తాగేసి, ఖాళీ సీసాను మల్లవ్వ చేతికిచ్చింది.

"నింపుకరాపో. గింజలు నేనేస్త."